రిజెక్ట్ అయిన నా ద్రాక్ష డబ్బా

స్విట్జర్లాండ్‌లోని విస్ప్‌లో నాది క్వాలిటీ ఉద్యోగం. మందుల ప్లాంటులో బ్యాచ్ బాగుందో లేదో చూసి సంతకం పెట్టాలి. వచ్చి మూడేళ్లయినా ఇల్లు, ప్లాంటు, సూపర్ మార్కెట్ తప్ప వేరే లోకం తెలియదు. పోయిన అక్టోబరులో తోటి ఉద్యోగి, "శనివారం మా అత్తగారి తోటలో కోత, వస్తావా?" అన్నాడు. వెంటనే సరేనన్నాను. ద్రాక్ష నాకేం కొత్త? మేడ్చల్ దగ్గర మా తాతకు అనాబ్-ఎ-షాహి తోట ఉండేది. రాతి కడీల మీద పందిరి, తల మీద వేలాడే లావుపాటి గుత్తులు. ఇప్పుడక్కడ ప్లాట్లు.

విస్ప్ నుంచి పసుపు రంగు పోస్టు బస్సు వంకలు తిరుగుతూ విస్పర్‌టెర్మినెన్‌కు ఎక్కుతుంది. ఊరు 1,300 మీటర్ల పైన. తోటలు ఊరి కింది వాలులో, 650 నుంచి 1,150 మీటర్ల దాకా. సిమెంటు లేకుండా పేర్చిన రాతి గోడలు, గోడకూ గోడకూ మధ్య నాలుగైదు సాళ్ల తీగలు. అంత ఎత్తున ద్రాక్ష పండటానికి కారణం ఆ వాలు దక్షిణానికి తిరిగి ఉండటమే. పగలు తాగిన ఎండను రాళ్లు రాత్రి వదులుతాయి. ఫ్యోన్ (Föhn) అనే వెచ్చటి కొండగాలి కూడా కలిసొస్తుంది. వానలు తక్కువ కాబట్టి మంచు కరిగిన నీటిని పాతకాలం నుంచే కాలవల్లో తెచ్చుకుంటారు. రాత్రి చలికి కాయలో పులుపు చావదు.

ఈ ద్రాక్ష పేరు హైడా. ఫ్రాన్స్‌లో దీన్నే సవాన్యాఁ అంటారు. చూడగానే ఉసూరుమన్నాను. శనగగింజ కన్నా కాస్త పెద్ద కాయలు, చిన్న గుత్తులు. "వీటికోసమా ఇంత కొండ ఎక్కింది?"

గంటలో డబ్బా నింపేసి గర్వంగా దించాను. పెద్దావిడ ఏమీ అనలేదు. కూర్చుని నా గుత్తులు ఒక్కొక్కటే తిప్పి చూస్తూ, లోపల కుళ్లిన కాయలున్నవాటిని కత్తెరతో గిల్లి పారేసింది. సగం డబ్బా మళ్లీ చూడాల్సి వచ్చింది. వారమంతా ఇతరుల బ్యాచ్‌లు ఆపేసేవాణ్ని, శనివారం నాదే ఆగిపోయింది! అల్లుడు నవ్వు ఆపుకోలేక గోడ అవతలికి వెళ్లిపోయాడు.

తర్వాత ఆవిడ జేబులోంచి రసంలో చక్కెర ఎంతుందో చూపే రిఫ్రాక్టోమీటర్ తీసి, చుక్క రసం వేసి నా చేతికిచ్చింది. అది నాకు తెలిసిన సామానే. ఓక్స్‌లే డిగ్రీల్లో 98. అంటే లీటరు రసం లీటరు నీళ్లకన్నా 98 గ్రాములు బరువు. ఆ చిన్న కాయల్లో ఇంత చక్కెరా అని నోరు మూసుకున్నాను.

మధ్యాహ్నం రొట్టె, చీజు, నిరుటి వైన్. నేను పెద్దగా తాగను. మొదట పచ్చిమామిడి పులుపు, మింగాక తేనె వాసన. తేలికే అనుకుని రెండో గ్లాసు తాగితే ఆ రాతి మెట్లు దిగడం గండమైంది.

రాత్రి నాయినకు ఫోన్ చేశాను.

"ఎకరానికి ఎన్ని టన్నులు తీస్తరట?"

"ఎకరాలు లేవు నాయినా. వాళ్లకున్నవి ఆరు సాళ్లు."

"ఎంతమంది కోసిన్రు?"

"తొమ్మిది మందిమి."

కాసేపు అటునుంచి మాట లేదు.

"అన్నమన్నా పెట్టిన్రా, బిడ్డా?"