బ్యాకప్పే ఫొటోలు తుడిచేసిన రాత్రి

మా ఇంట్లో ఫొటోలన్నీ ఉండే హార్డ్ డిస్క్ ఒకటి, దాని బ్యాకప్‌కి ఇంకోటి, రెండూ హాల్లో టీవీ కింద ఉన్న పాత డెస్క్‌టాప్‌కే తగిలించి ఉండేవి, రోజూ రాత్రి పదకొండింటికి, టైముకి పనులు నడిపే క్రాన్, ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్‌ని లేపి నడిపేది, నాలుగేళ్లుగా అదలా నడుస్తుంటే నేను తెగ ధీమాగా తిరిగా. పోయిన మేలో ఒకరోజు మా సత్యనారాయణపురంలో సాయంత్రం నుంచీ కరెంటు పోతా వస్తా ఉంది, బెజవాడ మే గురించి కొత్తగా చెప్పేదేముంది, ఆ ఉక్కలో ఎట్టాగో పడుకుని పొద్దున లేచి చూస్తే ఫొటోల డిస్క్ టిక్కు టిక్కుమని కొట్టుకుంటోంది, సిస్టమ్‌లో అసలు కనపడట్లేదు. పోతే పోయిందిలే బ్యాకప్ ఉందిగా అని కాఫీ తాగి మరీ తీరిగ్గా రెండో డిస్క్ తెరిచా.

ఖాళీ.

ఏం జరిగిందో అర్థం కావడానికి పావుగంట పట్టింది. నా స్క్రిప్ట్‌లో ఆర్‌సింక్‌కి హైఫన్ హైఫన్ డిలీట్ పెట్టా, అంటే ఇక్కడ తీసేసిన ఫైలు అక్కడ కూడా తీసెయ్యి అని. కరెంటు వచ్చాక సిస్టమ్ మళ్లీ ఆన్ అయ్యేసరికి ఫొటోల డిస్క్ చచ్చిపోయి మౌంట్ అవ్వలేదు, అంటే సిస్టమ్‌లోకి ఎక్కలేదు, కానీ అది మౌంట్ అయ్యే ఫోల్డర్ మాత్రం ఉంటుంది కదా, ఒట్టి ఖాళీ ఫోల్డర్. పదకొండింటికి ఆర్‌సింక్ వచ్చి చూసింది, ఓహో అయ్యగారు అన్నీ తీసేశారన్నమాట అనుకుని అక్కడా శుభ్రంగా ఊడ్చిపెట్టింది. చదవడంలో ఎర్రర్ వస్తే ఆర్‌సింక్ డిలీట్ చెయ్యకుండా ఆగుతుంది, కానీ ఖాళీ ఫోల్డర్ దాని దృష్టిలో ఎర్రర్ కాదు. దాన్ని తిట్టి లాభం లేదు, చెప్పిన పనే చేసింది.

పిల్లల ఫొటోలు సగం ఫోన్లలో ఉన్నాయి కాబట్టి పర్లేదు. అమ్మమ్మ పాడిన మంగళహారతులు, ఓ నలభై ఎంపీత్రీలు, ఇంకెక్కడా లేవు. అమ్మమ్మా లేదు.

మొదట చేసింది బ్యాకప్ డిస్క్‌ని అన్‌మౌంట్ చెయ్యడం. డిలీట్ అయిన ఫైలు డేటా వెంటనే పోదు, ఆ చోటు ఖాళీ అని మాత్రమే రాసుకుంటుంది, దాని మీద ఇంకేదన్నా రాస్తే అప్పుడు పోతుంది. కాబట్టి రికవరీ సాఫ్ట్‌వేర్‌ని కూడా అదే డిస్క్‌లో వేసే పని చెయ్యకండి. నాకు కలిసొచ్చింది ఏంటంటే ఇది పాతకాలం తిరిగే డిస్క్, ఎస్ఎస్‌డీ అయ్యుండి ఖాళీ అని రాసుకున్న చోటుని నిజంగానే తుడిచేసే ట్రిమ్ దాని మీద నడిచి ఉంటే ఇంక దణ్ణం పెట్టుకోవడమే. ఏలూరు రోడ్డు మీద ఒక షాపులో అడిగితే ఆ టిక్కు టిక్కు డిస్క్‌కి పద్దెనిమిది వేలన్నారు, అది కూడా గ్యారంటీ లేదంట. అక్కడే 2 టీబీ కొత్త డిస్క్ కొనుక్కుని వచ్చేశా.

డీడీరెస్క్యూ అనే టూల్‌తో బ్యాకప్ డిస్క్ మొత్తాన్ని కొత్తదాంట్లోకి ఇమేజ్‌గా, అంటే ఉన్నదున్నట్టు కాపీగా తీశా, 1 టీబీకి మూడు గంటల పైనే పట్టింది. ఇంక ఏ ప్రయోగం చేసినా ఆ కాపీ మీదే. ముందు, తీసేసిన ఫైళ్లు వెతికే ఎక్స్‌ట్‌అన్‌డిలీట్ నడిపా. డిస్క్ మీద ఫైళ్లు సర్దే పద్ధతిని ఫైల్ సిస్టమ్ అంటారు, నాది ఈఎక్స్‌టీ4, అందులో ఫైలు తీసేస్తే అది ఏయే బ్లాకుల్లో ఉందో చెప్పే చిట్టా కూడా తుడిచేస్తుంది, పాత చిట్టా జర్నల్‌లో, అంటే మార్పులు రాసుకునే చిన్న చోటులో, ఏమన్నా మిగిలితేనే దొరుకుతుంది, వేల ఫైళ్లు ఒకేసారి పోతే జర్నల్ తన పాత రాతల మీదే కొత్తవి రాసేసుకుంటుంది. ఓ వంద ఫైళ్లు మాత్రం పేర్లతో సహా వచ్చాయి, అందులో అమ్మమ్మవి లేవు.

తర్వాత ఫొటోరెక్. దీనికి ఫైల్ సిస్టమ్‌తో పనే లేదు, జేపెగ్ ఇట్టా మొదలవుద్ది, ఎంపీత్రీ ఇట్టా ఉంటది అని డిస్క్ అంతా గుర్తుల కోసం జల్లెడ పడుతుంది. పేరు ఫొటోరెక్ గానీ పాటలూ పీడీఎఫ్‌లూ కూడా తెస్తుంది. రాత్రంతా నడిచింది. పొద్దునకి రీకప్ డిర్ 1, 2, 3 అంటూ ఫోల్డర్లు, ఒక్కోదాంట్లో ఐదొందల ఫైళ్లు, అన్నిటి పేర్లూ ఎఫ్ పక్కన నంబర్లే. నాలుగేళ్లు సర్దుకున్న ఫోల్డర్లన్నీ కలిపి గోతాంలో పోసి కుమ్మరించినట్టుంది.

కెమెరా ఫొటోలకి ఎగ్జిఫ్‌టూల్ ప్రాణం పోసింది, ఫొటో లోపల దాచుకున్న తేదీ తీసి దాన్నే పేరుగా పెట్టేసింది. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోల్లో ఆ తేదీ ఉండదు, అవి ఇప్పటికీ గోతాంలోనే ఉన్నాయి, సర్దే ఓపిక నాకు లేదు. పాటలకి అడ్డదారి ఏం దొరకలేదు. మూడొందల చిల్లర ఎంపీత్రీలు, అమ్మా నేనూ కూర్చుని ఒక్కోటి పెట్టుకుని విన్నాం, సినిమా పాట, రింగ్‌టోన్, మళ్లీ సినిమా పాట, మధ్యలో ఉన్నట్టుండి అమ్మమ్మ దగ్గు. ముప్పై ఒకటి దొరికాయి.

ఇప్పుడు స్క్రిప్ట్ మొదటి లైన్లోనే మౌంట్‌పాయింట్ హైఫన్ క్యూతో డిస్క్ ఎక్కిందో లేదో చూసి లేకపోతే ఎగ్జిట్ అని పెట్టా, డిస్క్ ఎక్కకపోతే అక్కడే ఆగిపోద్ది. అసలు ఆర్‌సింక్ నుంచి రెస్టిక్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్‌కి మారిపోయా, అది రోజుకో స్నాప్‌షాట్, అంటే ఆ రోజుకి ఉన్నదున్నట్టు ఒక నకలు తీస్తుంది, ఇవాళ నేను తగలేసినా మొన్నటిది చెక్కు చెదరకుండా ఉంటుంది. ఏడు రోజులవి, నాలుగు వారాలవి, పన్నెండు నెలలవి ఉంచి మిగతావి తీసెయ్యమని చెప్పా. అది బ్యాకప్‌కి తాళం వేస్తుంది, ఆ పాస్‌వర్డ్ మర్చిపోతే మాత్రం దేవుడు కూడా తియ్యలేడు, అందుకని అమ్మ పచ్చళ్ల కొలతలు రాసుకునే నోట్‌బుక్ చివరి పేజీలో రాసిపెట్టా. ముందు పంచాంగం మీద రాశా, ఉగాదికి పాతది పారేస్తారని తర్వాత గుర్తొచ్చింది.

ఇంకో కాపీ గుంటూరులో. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో పిన్ని వాళ్ల ఇంట్లో బీరువాలో ఉన్న పెళ్లి ఆల్బమ్, దాని సీడీ, పెన్‌డ్రైవ్ మూడూ ఒకే అరలో మునిగాయి. అది చూసి కూడా నేను రెండు డిస్కులూ ఒకే టీవీ కింద పెట్టుకున్నానంటే ఏమనాలి. బ్రాడీపేటలో అక్క వాళ్లింట్లో పాత లాప్‌టాప్ పెట్టి రాత్రిపూట రెస్టిక్ బ్యాకప్‌ని ఎస్ఎఫ్‌టీపీలో, అంటే నెట్ మీద ఫైళ్లు భద్రంగా పంపే దారిలో, అక్కడికి కూడా పంపిస్తున్నా. నెలకోసారి ఏదో ఒక పాట అక్కణ్ణుంచి వెనక్కి తెచ్చి వింటా, తెరుచుకుంటోందో లేదో చూడాలిగా. మొన్న రాలేదు, కనెక్షనే లేదంది. అక్కకి ఫోన్ చేస్తే, "ఒరేయ్, రాత్రంతా దాని లైటు మిణుకు మిణుకుమంటా ఉంటే మీ బావకి నిద్ర పట్టట్లేదంట, ప్లగ్గు పీకేశా, ఏమన్నా అవుద్దా?" అంది.