కోర్టు కాగితం రాకముందే పోయిన వీసా

2025 సంక్రాంతికి ఇంగ్లాండ్ నుంచి పాలకొల్లు దగ్గర మా ఊరు వచ్చాను. మా ఆయన సెలవు దొరకలేదని రాలేదు. కనుమ వెళ్లిన మర్నాడు ఫోన్ చేసి, "ఇక నువ్వు అక్కడే ఉండిపో" అన్నారు. అప్పుడు మా చేలో దాళ్వా నాట్లు పడుతున్నాయి. ఇంగ్లాండ్‌లో రెండేళ్లు ఆయన స్కిల్డ్ వర్కర్ (ఉద్యోగ) వీసా మీద డిపెండెంట్‌గా, అంటే ఆయన భార్యగా ఉన్నాను, వృద్ధులను చూసుకునే ఒక కేర్ హోమ్‌లో పనిచేశాను.

రెండు నెలలు పెద్దమనుషుల మాటలతోనే గడిచిపోయాయి. "కోర్టు కాగితం రాలేదుగా అమ్మాయ్, అప్పటిదాకా నువ్వు భార్యవే, వీసాకేం కాదు" అనేవాడు మా మేనమామ. నేనూ నమ్మాను. అమెరికాలో హెచ్4 మీద, అంటే భర్త లేదా భార్య ఉద్యోగ వీసా ఆధారంగా ఉన్నవాళ్లకు విడాకుల తీర్పు రోజే లెక్క. బ్రిటన్‌లో అలా కాదు. కాపురం పూర్తిగా తెగిపోతే చాలు, ఆ సంగతి వీసాలు చూసే అక్కడి ప్రభుత్వ శాఖ హోమ్ ఆఫీసుకు చెప్పాలి. మా ఆయన చెప్పేశారు. చెప్పినట్టు నాకు ఒక్క ముక్క చెప్పలేదు, ఆ బాధ ఇంకా పోలేదు. మార్చిలో మెయిల్ వచ్చింది, అక్కడ ఉండేందుకు నాకున్న పర్మిషన్ రద్దయిందని. అక్కడే ఉండి ఉంటే మామూలుగా 60 రోజుల గడువు ఇస్తారు, ఆలోపు వేరే వీసాకు అక్కడి నుంచే అప్లై చేసుకోవచ్చు. నేనేమో ఆ దేశం బయట ఉన్నాను, ఆ గడువు నాకు లేదు.

అమ్మ మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నేను మాత్రం నా నర్సింగ్ సర్టిఫికెట్లు బయటికి తీశాను.

బ్రిటన్ వీసా సలహా చెప్పాలంటే అక్కడ రిజిస్టర్ అయిన అడ్వైజర్ గానీ సొలిసిటర్ గానీ అయి ఉండాలి. అలాంటి ఒకావిడ అరగంట మాట్లాడి, తేల్చి చెప్పారు: సొంతంగా హెల్త్ అండ్ కేర్ వీసాకు (నర్సుల్లాంటి వైద్య ఉద్యోగులకు ఇచ్చేది) వెళ్లు, పాత వీసా రద్దయిన సంగతి ఫారంలో దాచకు. దాస్తే పదేళ్లు వీసా రాకుండా పోవచ్చు.

నర్సులు కంప్యూటర్ మీద రాసే సీబీటీ పరీక్ష ముందే పాసయ్యాను, ఇంగ్లిష్ స్కోరూ ఉంది. పని చేసి చూపించాల్సిన ఆస్కీ పరీక్ష అక్కడికి వెళ్లాకే. వీడియోలో నాలుగు ఇంటర్వ్యూలు పోయాయి, ఐదోది ఒక ఆసుపత్రి తీసుకుంది. ఉద్యోగం ఇచ్చే ఆసుపత్రి స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ ఇచ్చాక మూడు నెలల్లో వీసాకు అప్లై చేయాలి. ఆసుపత్రి ఉద్యోగం కాబట్టి పోలీస్ క్లియరెన్స్ కావాలి. దానికి భీమవరం పాస్‌పోర్ట్ సేవా కేంద్రానికి వెళ్లాను, అమ్మ కూడా బస్సెక్కింది. టీబీ పరీక్షకూ వేలిముద్రలకూ నరసాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్. ఈ వీసాకు హెల్త్ సర్‌ఛార్జ్ (అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం ముందే కట్టే రుసుం) లేదు, అది పెద్ద ఊరట.

ఫారంలో పెళ్లి సంగతి అడిగే చోట 'విడిపోయాం' అని రాస్తుంటే చెయ్యి ఆగింది. కాసేపు చెరువుగట్టున కూర్చుని వచ్చి నింపాను.

నాలుగో వారంలో వీసా వచ్చింది. విడాకులు మాత్రం అప్పటికింకా మొదలే కాలేదు. ఇద్దరూ ఒప్పుకుని వేసే పిటిషన్‌కు ఏడాది విడిగా ఉండి ఉండాలి, అంటే 2026 సంక్రాంతి దాటాలి. మావయ్య పేరున పవర్ ఆఫ్ అటార్నీ రాయించి బయల్దేరాను.