కౌన్సెలింగ్ అంటే సీట్ల కౌన్సెలింగ్ కాదు నాన్నా

వర్జీనియాలో స్కూల్ కౌన్సెలింగ్ మాస్టర్స్‌లో సీటొచ్చిందని గుంటూరుకి ఫోన్ చేస్తే నాన్న అడిగిన మొదటి మాట, "సర్టిఫికెట్ల వెరిఫికేషన్ ఎప్పుడమ్మా?" ఎంసెట్ రాసిన పిల్లలున్న ఏ ఇంట్లోనైనా కౌన్సెలింగ్ అంటే ర్యాంకు కార్డు, వెబ్ ఆప్షన్లు, సీటు అలాట్‌మెంటే కదా. అది కాదు నాన్నా, స్కూల్లో పిల్లలతో మాట్లాడే ఉద్యోగం అని చెప్పాను. "మాట్లాడటానికి మూడేళ్ల చదువా?" అన్నారు. నిజం చెప్పొద్దూ, ఆ అనుమానం నాకూ ఉంది.

బీటెక్ తర్వాత ఆరేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి, పిల్లలు పుట్టాక మానేశాను. మా అమ్మాయి స్కూల్లో వాలంటీర్‌గా వెళ్తున్నప్పుడు అక్కడి కౌన్సెలర్‌ని చూసి ఈ పని మీద మనసు పడింది. అందుకు మాస్టర్స్ తప్పనిసరి. నేను చేరింది కేక్రెప్ (ఇక్కడ కౌన్సెలింగ్ కోర్సులకు గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న ప్రోగ్రాం: 60 క్రెడిట్లు, సాయంత్రం క్లాసులు. ముందు డిగ్రీని ఇక్కడి లెక్కలో చూపించే ఎవాల్యుయేషన్ చేయించుకోవాలి. నాది నాలుగేళ్ల బీటెక్ కాబట్టి ఇబ్బంది రాలేదు. మన మూడేళ్ల డిగ్రీని కొన్నిచోట్ల ఒప్పుకుంటారు, కొన్నిచోట్ల ఒప్పుకోరు. ఫీజు కట్టకముందే అడిగి తెలుసుకోండి.

చరిత్ర పాఠంలో ఒక సంగతి విని నవ్వుకున్నాను. 1957లో రష్యావాళ్లు స్పుత్నిక్‌ని పైకి పంపేసరికి అమెరికాకి కంగారు పట్టుకుంది. లెక్కల్లో, సైన్సులో చురుకైన పిల్లల్ని గుర్తించి ఆ చదువుల వైపు నడిపించాలని 1958లో చట్టం చేసి, కౌన్సెలర్ల శిక్షణకు డబ్బు పోశారు. అంటే మా నాన్న మరీ అంత తప్పేమీ అనలేదన్నమాట.

థియరీలు, రీసెర్చి, టెస్టుల గురించిన కోర్సులు కష్టపడితే గట్టెక్కేవే. నన్ను ఏడిపించింది మొదటి సెమిస్టర్లో హెల్పింగ్ స్కిల్స్ అనే క్లాసు. తోటి విద్యార్థి ఒకరు తమ నిజమైన చిన్న ఇబ్బంది ఏదో చెప్తారు. మనం 20 నిమిషాలు కౌన్సెలర్‌గా కూర్చుని అదంతా రికార్డు చేయాలి. తర్వాత ఆ రికార్డింగు విని అక్షరం పొల్లుపోకుండా రాసి, మనం అన్న ప్రతి మాట పక్కనా అది ప్రశ్నా, ఎదుటివారి మాటను తిరిగి చెప్పడమా, వాళ్ల భావాన్ని పట్టుకుని చెప్పడమా అని గుర్తు పెట్టాలి. నేను నోరు విప్పింది 31 సార్లు. అందులో 19 ప్రశ్నలు, 8 సలహాలు. మిగతా నాలుగూ "ఏం కాదులే, అదే సర్దుకుంటుంది" బాపతు. ఆ అమ్మాయి వాళ్ల అమ్మమ్మ పోయిన సంగతి చెప్తుంటే మూడో నిమిషంలోనే నేను ప్రాణాయామం చేయమన్నాను. మార్జిన్‌లో ప్రొఫెసర్ గారు రాసింది ఒకటే: "ఇక్కడ ఆమె ఏడవబోయింది. మీరు ఆపేశారు."

రెండు రోజులు ఆ కాగితం బ్యాగులోంచి తీయలేదు. మన ఇళ్లలో ఎవరైనా కళ్లనీళ్లు పెట్టుకుంటే "ఊరుకో, ఊరుకో" అంటూ నీళ్ల గ్లాసు అందిస్తాం. అది ప్రేమే. ఆ ప్రేమనే పక్కన పెట్టమంటున్నారు వీళ్లు. ఇంట్లో ప్రాక్టీసు చేద్దామని మా ఆయన ఆఫీసు గొడవ చెప్తుంటే "మీకు చాలా చిరాకుగా అనిపించినట్టుంది" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి "ఒంట్లో బాగానే ఉందా?" అన్నారు. తెలుగులో ఇలా మాట్లాడితే డబ్బింగ్ సినిమాలా ఉంటుందని ఆ రోజు తెలిసింది. తెలుగువాళ్ల దగ్గర "ఊఁ" అని ఊరుకోవడమే మేలు. మన ఊకొట్టడంలో సగం కౌన్సెలింగ్ ఉంది.

గ్రూప్ కౌన్సెలింగ్ కోర్సులో మనమే సభ్యులుగా కనీసం 10 గంటలు గ్రూపులో కూర్చోవాలి. దాని గురించి ఇంతకన్నా చెప్పను. గ్రూపులో మాట గ్రూపులోనే ఉండాలి.

తర్వాత ప్రాక్టికమ్, అంటే సూపర్‌వైజర్ కింద చేసే తొలి ప్రాక్టీసు, 100 గంటలు, అందులో 40 నేరుగా పిల్లలతో. ఆపైన ఇంటర్న్‌షిప్ 600 గంటలు, అందులో 240 నేరుగా. దానికి జీతం లేదు. పైగా సొంత ఖర్చుతో లయబిలిటీ ఇన్సూరెన్సు (మన పని మీద ఎవరైనా కేసు వేస్తే ఆదుకునే బీమా), వేలిముద్రలు, బ్యాక్‌గ్రౌండ్ చెక్. వారం వారం గంటల లెక్క రాసి సూపర్‌వైజర్ సంతకం పెట్టించుకోవాలి. నెలాఖరుకు రాద్దామని బద్ధకిస్తే మునిగినట్టే. నేను ఒకసారి అలాగే 11 గంటలు పోగొట్టుకున్నాను.

ఇంటర్న్‌షిప్ ఒక మిడిల్ స్కూల్లో. ఒక కౌన్సెలర్‌కి 250 మంది పిల్లలు మించకూడదని ఇక్కడి స్కూల్ కౌన్సెలర్ల సంఘం చెప్తుంది. వర్జీనియా చట్టం 325 దాకా ఒప్పుకుంటుంది. లాకర్ తెరుచుకోలేదని వచ్చేవాళ్ల నుంచి చచ్చిపోవాలని ఉందని చెప్పేవాళ్ల దాకా అందరూ ఆ ఒక్క తలుపే తడతారు. అలాంటి మాట వినపడితే "చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?" అని సూటిగా అడగాలని నేర్పారు. అడిగితే లేని ఆలోచన మనమే పెట్టినట్టవుతుందని నేను భయపడేదాన్ని. అలా జరగదు, అడిగితే పిల్లలకు ఊపిరి ఆడుతుంది. మొదటిసారి అడిగినప్పుడు నా గొంతు వణికింది. సూపర్‌వైజర్ పక్కనే ఉన్నారు కాబట్టి సరిపోయింది.

వర్జీనియాలో మా ఆష్‌బర్న్ వైపు తెలుగువాళ్లు చాలామంది. అనుకున్నట్టే ఒక తెలుగు పిల్లాడు వచ్చాడు. (గుర్తుపట్టేలా ఉన్నవన్నీ మార్చేశాను.) కూర్చోగానే ఇంగ్లీషులో అడిగాడు, "మీకు మా అమ్మ తెలుసా?" తెలుసు. గుడిలో కలుస్తుంటాం. ఆ సంగతి దాచకుండా చెప్పాను. నీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పున్నా, ఎవరైనా నిన్ను హింసిస్తున్నా దాచలేను, మిగతావి నేనుగా వెళ్లి చెప్పను, నా సూపర్‌వైజర్‌తో మాత్రం మాట్లాడతాను, ఇబ్బందైతే వేరే కౌన్సెలర్ దగ్గరికి వెళ్లొచ్చు అన్నాను. ఆలోచించుకుని, వారం తర్వాత నా దగ్గరికే వచ్చాడు.

ఆ ఆదివారమే గుడిలో ప్రసాదం లైన్లో వాళ్లమ్మ దొరికింది. "మావాడు నీ దగ్గరికేమైనా వస్తున్నాడా? ఇంట్లో నోరు విప్పడు." ఆమె ముఖం చూస్తే జాలేసింది. అయినా "స్కూలుకి ఫోన్ చేయండి అక్కా, కూర్చుని మాట్లాడుకుందాం" అని, ఇంకేం అనాలో తోచక "పులిహోరలో ఇంగువ భలే పడింది కదా" అన్నాను. ఆమె నాకేసి అదోలా చూసింది.

చివరి సెమిస్టర్లో కోర్సు మొత్తం మీద పెట్టే 160 ప్రశ్నల కాంప్రహెన్సివ్ పరీక్ష పాసయ్యాను. స్కూల్ కౌన్సెలర్ లైసెన్సుకి ఫస్ట్ ఎయిడ్, సీపీఆర్, పిల్లల మీద జరిగే హింసను గుర్తించే శిక్షణ అడిగారు, అవీ చేశాను. మొదటి ఉద్యోగ ఇంటర్వ్యూలో నలుగురు కూర్చున్నారు. అందులో ఒకావిడ అడిగింది: "మీకు తెలిసిన పేరెంట్ ఎవరైనా బయట కలిసి పిల్లాడి గురించి అడిగితే ఏం చేస్తారు?"

నాకు పులిహోర గుర్తొచ్చి నవ్వాగలేదు. సర్దుకుని, జరిగింది జరిగినట్టు చెప్పాను, పేర్లు లేకుండా.