ఓవెన్ విప్పితే

నిన్న నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో అత్త వాళ్ళింట్లో పాత మైక్రోవేవ్ ఓవెన్ విప్పాను. ప్లేటు తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, మొన్నటి చేపల పులుసు మాత్రం చల్లగానే ఉంది.

"ప్లగ్ పీకేశాం కదరా, ఇంకేం భయం?" అంది అత్త.

భయమంతా అక్కడే! ట్రాన్స్‌ఫార్మర్, కెపాసిటర్, డయోడ్ కలిసి మన 230 వోల్టులను దాదాపు 4000కు పెంచి, మైక్రోవేవ్ తరంగాలు పుట్టించే మాగ్నెట్రాన్‌కు ఇస్తాయి. ప్లగ్ తీసినా కెపాసిటర్‌లో ఛార్జ్ ఉండిపోవచ్చు. ఎంటెక్‌లో ఈ సర్క్యూట్ ఎన్నిసార్లు గీశానో, ఒక్కసారీ చెయ్యి వణకలేదు. నిన్న వణికింది. డిశ్చార్జ్ చేసి, మీటర్ సున్నా చూపించాకే వేలు పెట్టాను.

పోయింది డయోడే. మాగ్నెట్రాన్ భేషుగ్గా ఉంది. 1940లో బర్మింగ్‌హామ్‌లో రాండల్, బూట్ అనే భౌతిక శాస్త్రవేత్తలు రాడార్ల కోసం చేసిన దాని వారసురాలే ఇది, ఇప్పుడు 2.45 గిగాహెర్ట్జ్‌లో పులుసు కాచే ఉద్యోగం.

కొత్త డయోడ్ రేపు తేవాలి. అత్త ఈలోపు పులుసు గ్యాస్ పొయ్యి మీద వెచ్చబెట్టేసింది.