విలన్ పక్కనోడు

2025 జులై 13న కోట శ్రీనివాసరావు గారు పోయారని తెలిసిన పొద్దున మన కాలేజీ బ్యాచ్ గ్రూపులో ఎవరూ పెద్ద పెద్ద మాటలు రాయలేదు, అందరూ పెట్టింది 'అహ నా పెళ్ళంట' స్టిక్కర్లే. పైనించి వేలాడుతున్న కోడీ, దాన్ని చూస్తూ అన్నం తినే పిసినారి లక్ష్మీపతి వేషంలో కోట గారూ, పక్కన సగం గుండుతో ఆయన పనోడు అరగుండు. మనిషి పోయిన రోజున నవ్వొచ్చే బొమ్మలేంటని ఎవరికీ తప్పుగా అనిపించలేదు, ఎందుకంటే ఆయన మీద మనకున్న ప్రేమ అలాగే ఉంటుంది మరి. పైగా మనోడు, కంకిపాడాయన, స్టేట్ బ్యాంకులో ఉద్యోగం చేస్తూ నాటకాలేసి పైకొచ్చాడు, 1999లో విజయవాడ తూర్పు నుంచి ఎమ్మెల్యేగా కూడా గెలిచాడు.

ఆ రోజు నుంచీ నా బుర్రలో ఒకటే తిరుగుతోంది. హీరోలు చేసిన ఫైట్లు మర్చిపోయాం, పాటలు సగం సగం గుర్తున్నాయి, కానీ ఈ కామెడీ విలన్లూ వాళ్ళ పక్కనోళ్ళూ మాత్రం మన మాటల్లోకి వచ్చేసి కూర్చున్నారు, ఎందుకు? నాకు తోచింది చెప్తా. విలన్ ఒక్కడే నిలబడితే భయమే. పక్కన ఒకడు నిలబడి "చిత్తం" అన్నాడనుకోండి, అప్పుడు ఆ విలన్‌కి ఎంత పొగరుందో, ఎంత తెలివితక్కువతనం ఉందో, పొగడ్తకి ఎలా పడిపోతాడో మొత్తం బయటపడుతుంది. మనం కూడా విలన్ ఇంట్లోకి వెళ్ళేది ఆ పక్కనోడి వెనకాలే. హీరో ఎప్పుడో ఆఖర్న గోడ దూకి వస్తాడు, వీడు మాత్రం మొదటి రీలు నుంచీ లోపలే ఉండి అన్నీ చూస్తుంటాడు.

'పాతాళభైరవి' తీసుకోండి, 1951 సినిమా, అంటే మనం పుట్టకముందుది, అయినా మార్నింగ్ షోలకి మళ్ళీ మళ్ళీ వచ్చేది కాబట్టి మనందరం చూసినోళ్ళమే. ఎస్వీ రంగారావు గారి నేపాళ మాంత్రికుడు ఎంత భయంకరుడో, ఆయన శిష్యుడు సదాజప, మన పద్మనాభం, అంత బక్కోడు. కానీ కథ మొత్తం ఆ బక్కోడి మీదే నడుస్తుంది, కావాలంటే గమనించండి. మాంత్రికుడు చచ్చిపోతే సంజీవనితో బతికించేది సదాజపే, వాడే లేకపోతే సినిమా అక్కడితో అయిపోయేది. ఆఖర్న మాంత్రికుడు ఓడేది కూడా శిష్యుడి మీద నమ్మకం వల్లే. హీరో స్నేహితుడు అంజిగాడు సదాజప వేషంలో వచ్చి, గడ్డం తీసేస్తే రాకుమారికి నచ్చుతారని చెప్తే, తన శక్తంతా ఆ గడ్డంలోనే ఉందని తెలిసి కూడా తీయించుకుంటాడు! అంత మాయావి, ఎవర్నీ నమ్మనోడు, ఒక్క శిష్యుడి మాట నమ్మి మునిగిపోయాడు. ఆ సీన్ ఎప్పుడు చూసినా నాకు మాంత్రికుడి మీద జాలేస్తుంది, విలన్ మీద జాలి పుట్టించడం అంటే మాటలు కాదండి, రంగారావు గారు కాబట్టి అయింది.

'మాయాబజార్'లో కౌరవుల వైపు శర్మ, శాస్త్రి ఉంటారు, వంగర గారూ అల్లు రామలింగయ్య గారూ. పెళ్ళికి తెచ్చిన కూరగాయలన్నీ చూసి గోంగూర ఏదని వెతుకుతారు చూడండి, దుర్యోధనుడి మనుషులకి కూడా గోంగూర కావాలంటే మన గుంటూరోళ్ళు ఇంక వాళ్ళని శత్రువులనుకుంటారా, హాల్లో ఈలలే ఈలలు.

ఇక 'ముత్యాల ముగ్గు', 1975. బాపు రమణల కాంట్రాక్టర్, రావు గోపాలరావు గారు. ఆ డైలాగుల రికార్డులు పెళ్ళిళ్ళలో మైకుల్లో వేసేవాళ్ళు, పాటల రికార్డులు పక్కన పెట్టి మరీ. ఆ మనిషి చేసేవన్నీ ఘోరాలే, కాపురం కూల్చే పని, అయినా తెల్లారగానే సూర్యుణ్ణి చూసి కవిత్వం చెప్తాడు, అది వినడానికి పక్కన సెక్రటరీ ఉండాల్సిందే. వినేవాడు లేకపోతే ఆ కాంట్రాక్టర్ మామూలు దుర్మార్గుడు, వినేవాడు ఉన్నాడు కాబట్టే కళాకారుడు. అలాంటోళ్ళని మనం విజయవాడ గవర్నర్‌పేటలో, వన్‌టౌన్ హోల్‌సేల్ కొట్ల దగ్గర రోజూ చూసేవాళ్ళం, తెల్ల చొక్కా, వేలికి ఉంగరాలు, వెనకాల సంచీ పట్టుకుని ఒకడు, ముందున్నాయన జోకేస్తే పూర్తవకముందే నవ్వేసేవాడు. సినిమా వాళ్ళు కొత్తగా కనిపెట్టిందేం లేదు, మన బజారునే తెర మీదకి తీసుకెళ్ళారు.

'అహ నా పెళ్ళంట' అరగుండుది ఇంకో మెట్టు పైన. సదాజపకి గురువంటే భక్తి ఉంది, అరగుండుకి అదీ లేదు, ఆకలి మాత్రమే ఉంది. లోపల యజమానిని శాపనార్థాలు పెడుతూ పైకి దండాలు పెట్టడం, ఆ రెండు ముఖాలూ ఒక్క క్షణంలో మార్చడం, బ్రహ్మానందం గారికి పేరొచ్చింది దానితోనే. ఆయనా సత్తెనపల్లి దగ్గరోరే, అత్తిలిలో తెలుగు లెక్చరర్‌గా చేసొచ్చారు. 1987లో ఆ సినిమా వచ్చినప్పుడు మనం డిగ్రీలో ఉన్నాం, గాంధీనగర్‌లో సగం థియేటర్లు మన నడక దూరంలోనే. అప్పటికి ఇంటినించి వచ్చే మనియార్డర్ మీద బతికే హాస్టలోళ్ళకి అరగుండు ఆకలి ఎంత దగ్గరగా అనిపించిందో వేరే చెప్పక్కర్లేదు.

అందుకే ఆ ఏడు కాలేజీ డేకి స్కిట్ వేద్దామంటే హీరో వేషానికి ఎవరూ ముందుకి రాలేదు, విలన్ వేషానికీ వాడి అసిస్టెంట్ వేషానికీ మాత్రం పోటీ పడ్డారు. మా ఇంగ్లీష్ మాస్టారు రిహార్సల్ చూసి ఒక మాటన్నారు, "ఒరేయ్, అసిస్టెంట్ వేసేవాడు ఎక్కువ మాట్లాడకూడదు, ఎక్కువ వినాలి" అని. అప్పుడు అర్థం కాలేదు, తర్వాత కోట, బాబూమోహన్ జంటని 'మామగారు' నించీ వరసగా చూస్తుంటే తెలిసింది, కోట మాట్లాడుతున్నంతసేపూ బాబూమోహన్ మొహం చూడండి, నవ్వు అక్కడ పుడుతుంది.

ఇప్పటి సినిమాలు నేను బాగానే చూస్తాను, మా అబ్బాయి తీసుకెళ్తాడు. విలన్ వెనకాల నల్ల బట్టల్లో యాభై మంది ఉంటారు, ఒక్కడికి పేరుండదు, ఒక్కడూ నోరు తెరవడు, వాళ్ళకి తన్నులు తినడమే పని. విలన్ మాట్లాడటానికి మనిషే లేక ఫోన్లో అరుస్తుంటాడు. నాకు నిజంగా బాధేస్తుంది. ఒక్క నటుడికి ఒక్క పేరిచ్చి, పది మాటలిచ్చి విలన్ పక్కన కూర్చోబెడితే చాలు, ఆ సినిమా పదేళ్ళు బతుకుతుంది.

రీయూనియన్ సాయంత్రం ప్రోగ్రాంలో ఇంకా అరగంట ఖాళీ ఉందని కమిటీ వాళ్ళు చెప్పారు. మన బ్యాచ్ నించి ఒక సీన్ వేద్దాం, కాంట్రాక్టర్ వేషం ఎవరేస్తారో మీరే తేల్చుకోండి, పక్కనోడి వేషం మాత్రం నాకు వదిలేయండి.