బ్యాటరీ పాస్‌పోర్టు: బరంపురం నుంచి చూస్తే

బరంపురంలో బ్యాటరీ ప్యాకులు కూర్చే మా బావగారు, ఐరోపాకు సరుకు పంపదలచిన ఒక ఎగుమతిదారు బ్యాటరీ పాస్‌పోర్టు కోసం వివరాలడుగుతూ ఇచ్చిన ప్రశ్నావళిని నాకు చూపి, "ఇదంతా మనకెందుకండీ?" అన్నారు. ప్రశ్న సమంజసమే, గంజాం, గజపతి జిల్లాల్లో అమ్ముకున్నంతకాలం ఆయనకు వర్తించేవి 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల వంటి మన దేశ నియమాలే.

ఐరోపా సమాఖ్య 2023/1542 నిబంధన ప్రకారం, 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడి మార్కెట్లోకి వచ్చే విద్యుత్ వాహనాల బ్యాటరీలకూ, ఈ-సైకిళ్ల వంటి తేలికపాటి వాహనాల బ్యాటరీలకూ, 2 కిలోవాట్-అవర్లకు మించిన పారిశ్రామిక బ్యాటరీలకూ డిజిటల్ పాస్‌పోర్టు, అంటే ఆ బ్యాటరీ వివరాలు తెలిపే ఎలక్ట్రానిక్ రికార్డు, ఉండాలి. క్యూఆర్ కోడ్ ద్వారా తయారీదారు, రసాయన కూర్పు, కర్బన ఉద్గారాలు, సామర్థ్యం వంటి వివరాలు తెలుస్తాయి. విడదీసే పద్ధతి మరమ్మతుదారులకూ రీసైక్లర్లకూ కనిపిస్తుంది. పరీక్షా నివేదికలు మాత్రం అధికారులకూ, గుర్తింపు పొందిన తనిఖీ సంస్థలకే.

చట్టపరమైన బాధ్యత అక్కడి మార్కెట్లో సరుకు పెట్టేవారిదే అయినా, సమాచారం కిందినుంచే, అంటే ప్యాకులు కూర్చే మా బావగారి వంటివారి నుంచే వెళ్లాలి. పైగా ఈ పాస్‌పోర్టు మోడల్‌కు ఒకటి కాదు, ఒక్కొక్క బ్యాటరీకి ఒకటి. అసలు చిక్కు ఇక్కడే ఉంది: వేర్వేరు లాట్ల (తయారీ విడతల) సెల్స్‌ను, అంటే ప్యాకులో ఉండే చిన్న బ్యాటరీలను, కలిపి ప్యాకు కట్టి, బిల్లుపై లాట్ నంబరు లేకుండా కొనే అలవాటు మన దుకాణాల్లో పాతుకుపోయింది; అలాగైతే ఏ ప్యాకులో ఏ సెల్ ఉందో చెప్పలేం. ఖరీదైన సాఫ్ట్‌వేర్ అమ్మజూపేవారిని (వారికి కొదవ లేదు) కొంతకాలం ఆపి, ప్రతి ప్యాకు సీరియల్ నంబరు ఎదుట సెల్ లాట్, సరఫరాదారు డేటా షీటు, పరీక్ష ఫలితం నమోదు చేయించమని బావగారికి చెప్పాను. పాత బ్యాటరీని వేరే పనికి మలిస్తే, పాతదానితో ముడిపడిన కొత్త పాస్‌పోర్టు కావాలి కనుక, సెకండ్‌హ్యాండ్ సెల్స్‌కు విడిగా రిజిస్టరు పెట్టమన్నాను.