వడ్లగింజల తరవాత ఏం చదవాలి

బడిలో పద్యం అప్పజెప్పి గండం గడిచిందనుకున్నవాళ్లే ఇప్పుడు తీరిక చిక్కి పాత పుస్తకాలు తీస్తున్నారు. పాత బ్యాచీలవాళ్లు నలుగురు కలిస్తే వచ్చే ప్రశ్న, "తరవాత ఏది చదవాలి?" గొప్ప పుస్తకాల పట్టికలు దీనికి పనికిరావు. కిందటి పుస్తకం ఎక్కడ ఆగిపోయిందో చూసుకోవాలి. మాట అడ్డుపడిందా, కథ అడ్డుపడిందా? అది తేలితే సగం పని అయినట్టే.

మన గోదావరి వాళ్లకు శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి ‘వడ్లగింజలు’తో మొదలుపెట్టడం మేలు. పెద్దాపురం ప్రభువుతో చదరంగం ఆడాలని బయల్దేరిన శంకరప్ప కథ అది, ఒక్క పూటలో అయిపోతుంది. నుడికారం మన ఇళ్లలోది కనక మాట అడ్డురాదు. కాని కథంతా సంభాషణల మీద నడుస్తుంది, మాట ఎవరిదో ప్రతిసారీ చెప్పరు. కళ్లతో పరుగెడితే తప్పిపోతాం. పైకి చదవండి, గొంతులు వేటికవే విడిపోతాయి.

అది కుదిరితే ‘కన్యాశుల్కం’. కొనేముందు ఏ కూర్పో చూసుకోండి. 1897 నాటిది వేరు, పెంచి రాసిన 1909 నాటి ఏడంకాల రూపం వేరు. ముందు రెండోదే చదవాలి.

గ్రాంథికానికి కన్ను అలవాటు పడాలంటే వీరేశలింగం గారి ‘రాజశేఖర చరిత్రము’. 1878లో పత్రికలో వరసగా రావడం మొదలైంది. మొదట్లోనే ధవళేశ్వరం కనబడుతుంది, తెలిసిన ఊరు కనక పొడుగు వాక్యంలోనూ దారి తప్పం. ‘వేయిపడగలు’ కొన్నాళ్లు ఆగనివ్వండి. అక్కడ చాలామందిని ఆపేది మాట కాదు, కథ పక్కకు తిరిగి చర్చలోకి వెళ్లడం. వారానికో అధ్యాయం చొప్పున, తొందర లేనప్పుడు చదవాల్సిన పుస్తకం.

నన్నయ, తిక్కన, ఎఱ్ఱన గార్ల తెలుగు భారతం దగ్గర మాత్రం అడ్డుపడేది మాటే, అందుకు మందుంది. ప్రతిపదార్థం ఉన్న ముద్రణే తీసుకోండి. పర్వంలో ఒక్కో భాగాన్ని ఆశ్వాసం అంటారు, అందులోని వచనాలు ముందు చదివి కథ పట్టుకుని, రోజుకు అయిదు పద్యాల చొప్పున సాగండి. పద్యం ఒకసారి చదవడం, పదాలు విడగొట్టడం, అర్థం చూడడం, మళ్లీ పైకి చదవడం. నిఘంటువులో మాట దొరకలేదంటే తప్పు చాలాసార్లు మొదటి అక్షరంలోనే ఉంటుంది. "వాఁడు గొట్టె" అని ఉంటే ‘గొట్టు’ కింద వెతికి లాభం లేదు, ‘కొట్టు’ కింద చూడాలి. క, చ, ట, త, పలు అలాంటి చోట గ, స, డ, ద, వలుగా మారతాయి. మనం రోజూ అనే ‘కూరగాయలు’, ‘తల్లిదండ్రులు’ కూడా ఇలా వచ్చినవే. ఈ ఒక్కటి చేతిలో ఉంటే ‘శబ్దరత్నాకరం’ నిఘంటువు సగం తెరుచుకున్నట్టే.

మొదలు ఆదిపర్వమే కానక్కర్లేదు. సంభాషణ ఇష్టపడేవాళ్లకు తిక్కన గారి ఉద్యోగపర్వం దగ్గర. వర్ణన ఇష్టమైతే అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసం తెరవండి. రాజమహేంద్రవరంలో మొదలుపెట్టిన నన్నయ గారి రచన "శారదరాత్రులు" అనే పద్యంతో, శరత్కాలపు వెన్నెల రాత్రి దగ్గర ఆగిపోతుంది. ఆ వెంటనే ఎఱ్ఱన గారు అదే శరత్తులో తెల్లవారుజామున అందుకుంటారు. ఆ రెండు పద్యాలూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. రాత్రి నచ్చినవాళ్లు వెనక్కి, ఆదిపర్వానికి వెళ్లొచ్చు. తెల్లవారడం నచ్చితే ఎఱ్ఱన గారి ‘నృసింహపురాణం’ ఉంది.